పెరటి మడికి జాగా: దక్షిణ తెలంగాణలో ముందు నీళ్లు, తర్వాతే ఎండ

కూరగాయల మడికి సాధారణంగా మిగిలేది ఇంకెందుకూ పనికిరాని జాగానే. సెప్టిక్ ట్యాంకు పక్కన నాలుగు గజాలు, చింతచెట్టు కింద కొంత, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు పోసిన వెనక మూల. అక్కడే బెండ గింజలు వేస్తారు. మొలవకపోతే విత్తనాల షాపువాణ్ని తిట్టుకుంటారు, మొలిచి కాయకపోతే ఎరువు చాలలేదనుకుంటారు. నిజానికి చాలా మడుల గతి విత్తనం వేయకముందే, జాగా దగ్గరే తేలిపోతుంది.

ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాలవి, కాకపోతే వానలు బాగా పడే ప్రాంతాలవి. ఎండ ఎక్కువ తగిలే చోటు వెతకమని, ఎత్తు మడులు కట్టమని చెప్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఎండకేం కరువు? ఏడాదికి పడే వాన ప్రాంతాన్ని బట్టి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అదీ జూన్ నుంచి అక్టోబర్ దాకా కొన్ని గట్టి వానల్లోనే వచ్చి పోతుంది. మిగతా ఏడు నెలలు మడి బతకాలంటే మనం పోసే నీళ్లే దిక్కు. అందుకే ఇక్కడ జాగా చూసేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత నేల, ఆ తర్వాత నీడ చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

నీళ్ల లెక్క

ఒక గుంట అంటే 121 గజాలు, ఇంచుమించు 100 చదరపు మీటర్లు. కూరగాయల మొక్కలు, నేల కలిసి రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు ఖర్చు చేస్తాయనుకుంటే గుంటకు 500 లీటర్లు కావాలి. పెద్ద డ్రమ్ములు రెండున్నర. మే నెల వడగాల్పుల్లో ఆ ఖర్చు ఏడెనిమిది మిల్లీమీటర్లకు పోతుంది, అంటే 700 లీటర్ల పైమాటే. డ్రిప్ పెట్టి, మడిలో ఎండుగడ్డి పరిస్తే కొంత తగ్గుతుంది.

ఇప్పుడు దీన్ని ఇంటి నల్లాతో పోల్చి చూడాలి. మిషన్ భగీరథను గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన డిజైన్ చేశారు. ఐదుగురున్న ఇంటికి వచ్చేది 500 లీటర్లు. గుంట మడి ఒక్కటే ఆ నీళ్లన్నీ తాగేస్తుంది. అసలు ఆ నీళ్లు మడికి వాడటానికి ఇచ్చినవి కూడా కావు. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అరటి చెట్టుకో బొప్పాయికో మళ్లించవచ్చు గానీ వాటి మీద గుంట మడి నడవదు. బోరో బావో లేనిచోట జాగా ఎంత ఉన్నా దాన్ని కుదించుకుని, రెండు మూడు మడులకే పరిమితం కావడం తెలివైన పని.

బోరు ఉన్నా సరే, అది ఎప్పుడు ఎంత పోస్తుందన్నది ముఖ్యం. కార్తీక మాసంలో ధారగా పోసిన బోరు ఉగాది దాటేసరికి ఆగి ఆగి పోయడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత నిలిస్తే అంతే. నల్లగొండలో బత్తాయి తోటలు అంతలా విస్తరించింది ఎర్ర చెలకల్లో నీరు నిలవకుండా ఇంకిపోతుంది కాబట్టే. కరువు ఏళ్లలో అవే తోటలు ఎండిపోయి నరికేయాల్సి వచ్చింది కూడా ఆ చెలకల కింది బోర్లు ఎత్తిపోవడం వల్లే. ఏళ్ల తరబడి నిలబడే నిమ్మ, జామ, మునగ లాంటివి పెట్టాలనుకుంటే మాత్రం ఏప్రిల్ నీళ్లు చూసే జాగా ఖాయం చేసుకోవాలి. ఆకుకూరలకు అంత టెన్షన్ అక్కర్లేదు, నీళ్లు తగ్గితే ఒక పంట మానేస్తే సరిపోతుంది.

నీళ్ల పక్కనే మడి ఉండాలన్నది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ ఆచరణలో ఇదే పెద్దది. బిందెతో యాభై అడుగులు మోయాల్సి వస్తే మొదటి వారం ఇంట్లో అందరూ మోస్తారు, మూడో వారానికి అమ్మ ఒక్కతే మోస్తుంది. ట్యాంకు కన్నా మడి కొంచెం పల్లంలో ఉంటే పైపు వేసి వదిలేయవచ్చు. మెరక మీద ఉంటే మోటారు కావాలి, కరెంటు ఉండాలి.

నీళ్లు ఎలాంటివి?

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెప్తాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు భూగర్భ జలాల్లో అంతకు చాలా ఎక్కువ ఉన్న బోర్లు ఎన్నో. పటిక, సున్నం కలిపి తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. జిల్లాకు ఇలాంటి పేరు రావడం గర్వపడే సంగతేమీ కాదు. పైగా మడికి పోసే నీళ్లను అలా శుద్ధి చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లతో మడికి రెండు రకాల చిక్కులు వస్తాయి. మొదటిది అందరూ ఊహించేదే: మొక్క కొంత ఫ్లోరైడ్ పీల్చుకుంటుంది, అది కాయల్లో కన్నా ఆకుల్లో ఎక్కువ చేరుతుంది. కాబట్టి అలాంటి నీళ్లే ఉన్నచోట పాలకూర, తోటకూర మడులకన్నా బీర, ఆనపకాయ, గోకర లాంటి కాయజాతులు మేలు.

రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఈ నీళ్లలో చాలాసార్లు సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. ఏళ్ల తరబడి పోస్తే నేలలో సోడియం పేరుకుని మట్టి రేణువులు విడిపోతాయి, పైన పెచ్చు కడుతుంది. తడిపితే బురద, ఆరితే రాయి. సబ్బు బాగా నురగ వస్తోంది కాబట్టి నీళ్లు మంచివే అనుకోవడానికి లేదు, ఈ రకం నీళ్లలో నురగ బాగానే వస్తుంది. రుచి చూసి చెప్పడం కూడా కుదరదు. బోరు నీళ్లకు ఒకసారి టెస్టు చేయించి, అందులో ఫ్లోరైడ్‌తో పాటు ఆర్.ఎస్.సి., అంటే మిగులు సోడియం కార్బొనేటు ఎంతుందో అడగాలి. ఆ అంకె 1.25 లోపు ఉంటే నిశ్చింత, 2.5 దాటితే జిప్సం వేసుకుంటూ జాగ్రత్తగా నడపాలి. రెండు బోర్లు ఉన్న ఇల్లయితే జాగా ఎంపిక ఆ రిపోర్టులతోనే సగం తేలిపోతుంది. వాన నీళ్లు నేలలో పేరుకున్న ఉప్పును కొంత కిందికి కడిగేస్తాయి కాబట్టి డాబా మీది నీళ్లు వచ్చి పడే వైపు మడి ఉంటే అదొక లాభం.

మూసీ కాలువల పక్కన సంగతి వేరు. హైదరాబాద్ మురుగంతా మోసుకుంటూ భువనగిరి వైపు నుంచి వచ్చి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అది. నీళ్లకు కొదవ ఉండదు, మొక్క కూడా ఏపుగా పెరుగుతుంది. కానీ కొత్తిమీర, ఉల్లికాడ, క్యారెట్ లాంటి పచ్చిగా తినేవాటికి ఆ జాగా వద్దు.

గడ్డపార చెప్పే మాట

నేల గురించి పుస్తకాలు చదివే ముందు గడ్డపార తీసుకుని అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత ఒకటి తవ్వాలి. గడ్డపార ఎన్ని అంగుళాలకు ఖంగుమంటుందో చూడాలి. చెలక నేలల్లో చాలాచోట్ల అడుగు, అడుగున్నరకే మొరం తగులుతుంది. ఆకుకూరలకు ముప్పావు అడుగు మెత్తటి మట్టి ఉన్నా గడిచిపోతుంది. వంకాయ, టమాటకు అడుగున్నర కావాలి. నిమ్మకో మునగకో మూడడుగులు ఉంటే మంచిది. అంత లేకపోతే మొరం తవ్వి తీసి మంచి మట్టి నింపాలి.

తర్వాత ఆ గుంత నిండా నీళ్లు పోసి ఇంకనివ్వాలి. మొదటిసారి పోసిన నీళ్లు పొడి మట్టిని తడపడానికే పోతాయి కాబట్టి ఆ లెక్క పనికిరాదు. మళ్లీ నింపి, పక్కన ఒక పుల్ల గుచ్చి, నీటి మట్టం దగ్గర గీత గీసి గంట ఆగాలి. ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే కూరగాయలకు బంగారం లాంటి నేల. అర అంగుళం కూడా దిగకపోతే వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి. ఐదారు అంగుళాలు దిగిందంటే అది దుబ్బ నేల, పోసిన నీళ్లు, వేసిన ఎరువు రెండూ కిందికే పోతాయి. ఈ పరీక్ష ఒకచోట చేసి సరిపెట్టుకోకూడదు. ఒకే పెరట్లో ఇంటి గోడ దగ్గర ఒకలా, కాంపౌండ్ దగ్గర ఇంకోలా ఉండటం మామూలే. గోడ దగ్గరిది పునాది తీసిన మట్టి, మెరక కోసం తోలించిన మొరం. ఆ మట్టిలో సిమెంటు, సున్నం కలిసి ఉంటే క్షారం పెరిగి మొక్క ఆకులు పసుపు రంగుకు పాలిపోతాయి, యూరియా వేసినా తేరుకోవు.

ఎత్తు మడుల మోజు ఇక్కడే దెబ్బ తీస్తుంది. నీళ్లు తొందరగా ఇంకే ఎర్ర చెలకలో మడి ఎత్తు పెంచితే ఇంకా తొందరగా ఆరిపోతుంది. చెలకలో మడిని చుట్టూ ఉన్న నేలకన్నా నాలుగైదు అంగుళాలు పల్లంగా పెట్టి, చుట్టూ గెట్టు వేయాలి. పోసిన నీళ్లు, పడిన వాన అందులోనే ఆగుతాయి. అదే అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడి అయితే ఎత్తు మడి, మధ్యలో కాలువ తప్పనిసరి. అక్కడ వర్షాకాలంలో నీరు నిలిచి మొక్క చస్తుంది, ఎండాకాలంలో నేల బీటలు వారి వేళ్లు తెగుతాయి.

చౌడు నేలను కంటితోనే పట్టుకోవచ్చు. ఎండాకాలంలో పైన తెల్లగానో బూడిద రంగులోనో పొర కడుతుంది. వాన పడ్డాక నీళ్లు ఇంకకుండా మడ్డిగా నిలిచి ఉంటాయి. మట్టి పరీక్షలో పి.హెచ్. 8.5 దాటిందంటే ఆ మూలను మడికి తీసుకోకపోవడమే మంచిది. బాగు చేయవచ్చు గానీ దానికి జిప్సం, నీళ్లు, పచ్చిరొట్ట, రెండు మూడేళ్ల ఓపిక కావాలి. వేరే చోటు ఉన్నప్పుడు అంత కష్టం దేనికి? ఖాళీ జాగాలో తంగేడు ఒక్కటే కళకళలాడుతూ మిగతావేవీ లేవంటే నేల పలుచన, గట్టి మొరం అని ముందే ఒక అంచనాకు రావచ్చు. తుంగ దట్టంగా ఉంటే తేమ ఉన్న మాట నిజమే. కానీ దాని గడ్డలు ఏరడానికే సీజన్ అంతా సరిపోతుంది.

మట్టి శాంపిల్ తీసేటప్పుడు పెంట కుప్ప ఉన్నచోట, గెట్టు మీద, చెట్టు కింద తీయకూడదు. జాగా అంతటా ఎనిమిది పది చోట్ల పార వెడల్పున, ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, పక్కల నుంచి మట్టి గీకి, అంతా కలిపి అర కిలో పంపితే చాలు.

చెలక మట్టికి చెరువు పూడిక మంచి మందు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని పొలాలకు తోలుకున్నది ఇందుకే. దాని బంకమట్టి చెలకలో కలిస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. గుంట జాగాలో రెండంగుళాల మందం పరవాలంటే సుమారు 5 ఘనపు మీటర్లు, అంటే ట్రాక్టర్‌తో రెండు ట్రిప్పులు. టౌన్ మురుగు కలిసే చెరువు పూడిక అయితే వద్దు. ట్రాక్టర్ లోపలికి వచ్చే దారి ఉందా అన్నది కూడా జాగా ఎంపికలో భాగమే. గోడలన్నీ కట్టాక తట్టలతో మోయించాల్సి వస్తే మట్టి ఖర్చు కన్నా కూలి ఖర్చు ఎక్కువవుతుంది.

నీడ ఎటు పడుతుంది?

కాయ కాసే మొక్కలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలు. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. తెలియనిదల్లా ఇక్కడి సూర్యుడి నడక.

నల్లగొండ, మహబూబ్‌నగర్ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరానే ఉంటాడు, గోడ నీడ దాదాపు కనిపించదు. డిసెంబర్ చివర్లో మాత్రం దక్షిణానికి బాగా వాలిపోయి, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు పది అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు ఎనిమిదిన్నర అడుగులు పడుతుంది. 22 అడుగుల డబుల్ ఫ్లోర్ ఇల్లయితే పంతొమ్మిది అడుగుల దాకా. మన దగ్గర టమాట, క్యాబేజీ, చిక్కుడు, కొత్తిమీర బాగా వచ్చేది సరిగ్గా ఆ చలికాలంలోనే. ఇంటికి ఉత్తరాన గోడకు ఆనుకుని మడి పెడితే పంట కాలమంతా నీడలోనే గడుస్తుంది. జూన్‌లో జాగా చూసి ‘ఎండ బాగానే ఉంది’ అనుకున్నవాళ్లు డిసెంబర్‌లో మోసపోయేది ఇక్కడే. గోడ ఎంత ఎత్తుందో అంత దూరం వదిలి మడి మొదలుపెడితే ఆ బాధ ఉండదు. చలికాలంలోనే జాగా చూసే వీలుంటే ఇంకా తేలిక: ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి నీడ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీస్తే ఎండ జాగా దానంతటదే తేలుతుంది.

ఎండాకాలం లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటాక పడమటి ఎండ ఆకుల్ని కాల్చేస్తుంది, టమాట పూత రాలిపోతుంది. పడమటి గోడ పక్కన మడి అయితే గోడ సెగ కూడా తోడవుతుంది. ఇంటికి తూర్పున ఉన్న జాగాకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ, ఆ తర్వాత ఇంటి నీడ. ఏడాది పొడవునా నడిచే మడికి తూర్పు, ఆగ్నేయం అన్నిటికన్నా అనుకూలం. వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరం వైపు ఎక్కువ ఖాళీ వదిలే ఇళ్లల్లో తూర్పు ఖాళీ ఇలా కలిసొస్తుంది, ఉత్తరపు ఖాళీ చలికాలంలో ఎదురు తిరుగుతుంది. వాస్తు నమ్మేవాళ్లు నమ్మవచ్చు, నీడ మాత్రం సూర్యుణ్ని బట్టే పడుతుంది.

చెట్ల విషయంలో నీడ కన్నా వేళ్లు పెద్ద సమస్య. పాలమూరు పిల్లలమర్రి కింద వందల మంది హాయిగా కూర్చోవచ్చు గానీ బెండ మొక్క ఒక్కటి కూడా బతకదు. చింత నీడ దట్టం, వేప నీడ పలుచన. అయినా రెండింటి వేళ్లూ కొమ్మల అంచు దాటి చాలా దూరం పోయి మడికి పోసిన నీళ్లు తాగేస్తాయి. వేప పక్కన మడి తప్పనప్పుడు మధ్యలో రెండడుగుల లోతు కందకం తవ్వి, ఏటా ఆ వేళ్లు నరుకుతూ ఉండాలి. సర్కారు తుమ్మ కొట్టేసిన జాగాలో మొద్దులు పూర్తిగా పెకలించకుండా మడి వేస్తే మళ్లీ చిగురిస్తూనే ఉంటుంది.

గాలి, పక్క చేను, కోతులు

జూన్, జులైల్లో పడమర, నైరుతి గాలులు ఈ మెట్ట ప్రాంతంలో అడ్డూ అదుపూ లేకుండా వీస్తాయి. బీర పందిరి లేచిపోతుంది, మిర్చి మొక్కలు ఒరిగిపోతాయి. పడమటి వైపు జొన్నో మొక్కజొన్నో రెండు మూడు వరసలు వేస్తే, లేదా అవిశ, మునగ నాటితే గాలీ ఆగుతుంది, సాయంత్రపు ఎండా తగ్గుతుంది.

ఊరి చివర జాగాలకు ఇదే గాలితో ఇంకో ముప్పు. నల్లగొండలో ఎటు చూసినా పత్తి, సాగర్ ఎడమ కాలువ కింద వరి. పడమట పక్క చేనులో కొట్టిన మందు గాలికి ఎగిరి వచ్చి తూర్పున ఉన్న మడి మీద పడుతుంది. వరిలో వెడల్పాటి ఆకుల కలుపు కోసం వాడే 2,4-డి ఆవిరి తగిలినా టమాట, చిక్కుడు ఆకులు మెలితిరిగిపోతాయి. దాన్ని వైరస్ తెగులనుకుని ఇంకో మందు కొట్టేవాళ్లు తక్కువేం కాదు. వరి మడి పక్కనే అయితే ఊట కూడా చూసుకోవాలి, గెట్టు ఇవతల నేల ఎప్పుడూ తడిగా ఉంటే కూరగాయల వేళ్లకు ఊపిరాడదు.

ఇన్ని చూసి ఎంచుకున్న జాగా ఇంటికి కనపడనంత దూరంలో ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఇప్పుడు ఊళ్లల్లో కోతుల గుంపు వచ్చిందంటే అరగంటలో ఏడాది కష్టం ఖాళీ. చేల దగ్గర అడవి పందులు చిలగడదుంప, పల్లీ మడులను తవ్వి పోస్తాయి. మేకల్ని కంప ఆపుతుంది, కోతుల్ని ఏదీ ఆపదు, మనిషి అలికిడి తప్ప. వంటింటి కిటికీలోంచి కనిపించే చోటు నేల కాస్త తక్కువ రకమైనా దాన్నే ఎంచుకోవడం మేలు. నేలను పూడిక మట్టితో బాగు చేసుకోవచ్చు, దూరాన్ని ఏమీ చేయలేం.

టౌన్లలో పక్కవాళ్ల ఖాళీ ప్లాటులో మడి వేసుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. అడిగి వేసుకుంటే తప్పేమీ లేదు. అలాంటి జాగాలో మాత్రం మట్టి తోలించడం, జాలి కట్టించడం, నిమ్మ నాటడం లాంటి ఖర్చులు పెట్టకూడదు. నెల రోజుల్లో కోతకొచ్చే మెంతి, పాలకూర, రెండు నెలల్లో మొదలయ్యే బెండ, గోకర చాలు. ప్లాటు యజమాని జేసీబీతో ఎప్పుడొచ్చినా పోయేది ఒక్క పంటే.